అమెరికాలో బాబాసాహెబ్ ఏం చదివారు?

మా హాస్టల్ భోజనశాల గోడమీద బాబాసాహెబ్ ఫోటో ఉంది. కింద పేరు, పేరు పక్కన వరుసగా డిగ్రీలు: ఎం.ఏ., పి.హెచ్.డి., ఎం.ఎస్సీ., డి.ఎస్సీ., బార్-ఎట్-లా, ఎల్.ఎల్.డి., డి.లిట్. ప్రతి ఏప్రిల్ 14న దండ వేసే ముందు ఆ ఫోటోను దించి తడిగుడ్డతో తుడవడం మా అలవాటు. పోయిన జయంతికి అలా తుడుస్తుంటే ఎనిమిదో తరగతి తమ్ముడొకడు వచ్చి, వీటిలో అమెరికా చదువు ఏది, అక్కడ ఆయన అసలు ఏం చదివారు అని అడిగాడు. పీజీ చదువుతూ జయంతికి వచ్చిన పాత విద్యార్థులం నలుగురం అక్కడే ఉన్నాం. కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అని చెప్పాం. వాడు తలూపి వెళ్లిపోయాడు. కానీ మేం చెప్పింది బడి పేరే గాని చదువు కాదని మాకే తెలుసు. ఇన్నేళ్లూ జయంతి సభల్లో డిగ్రీలు గడగడా అప్పజెప్పాం గాని వాటి లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఈ వ్యాసం ఆ తమ్ముడికి మేం పడ్డ బాకీ.

బాల్యం మీకందరికీ తెలిసిందే, త్వరగా చెప్పేస్తాం. 1891 ఏప్రిల్ 14న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, తల్లి భీమాబాయి. వారికి ఆయన పద్నాలుగో సంతానం. సతారా బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడం, ప్యూను వచ్చి పోస్తే తప్ప మంచినీళ్లు దొరకకపోవడం, మసూరు స్టేషన్‌లో కులం తెలియగానే బండివాడు ఎక్కించుకోనని మొరాయించడం, చివరకు రెట్టింపు కిరాయి తీసుకుని పిల్లల్నే బండి తోలుకోమనడం ఇవన్నీ పాఠాల్లో చదివాం. తరువాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు, మెట్రిక్, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ. కాలేజీ ఫీజుకి బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇచ్చారు. బి.ఏ. అయ్యాక బరోడా కొలువులో చేరారో లేదో తండ్రి జబ్బు పడ్డారని కబురు వచ్చింది. 1913 ఫిబ్రవరి 2న రాంజీ కన్నుమూశారు. కొడుకు డిగ్రీ చూసి వెళ్లిపోయారు గాని ఆ డిగ్రీతో ఏమవుతాడో చూడలేదు.

అదే సంవత్సరం మహారాజు తన సంస్థానం నుంచి కొందరు విద్యార్థుల్ని అమెరికా పంపదలచారు. ఆ రోజుల్లో మనదేశం నుంచి పెద్ద చదువుకి వెళ్లేవారంటే లండన్ వెళ్లేవారే. ఐ.సి.ఎస్. కావాలన్నా లండనే, బారిస్టరు కావాలన్నా లండనే. మరి ఈ మహారాజుకి అమెరికా మీద ఎందుకు మనసు పోయింది? ఆయన 1906లో అమెరికా పర్యటించి అక్కడి బడులు, గ్రంథాలయాలు చూసి వచ్చారు. ఆ ఏడాదే తన సంస్థానమంతటా నిర్బంధ ప్రాథమిక విద్య పెట్టారు. 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికా గ్రంథాలయ నిపుణుణ్ణి పిలిపించి ఊరూరా గ్రంథాలయాలు పెట్టించే పని అప్పగించారు. ఆ చూపు వల్లే మన భీమరావుకి అమెరికా దారి తెరుచుకుంది. ఒప్పందం 1913 జూన్‌లో జరిగింది. మూడేళ్లు, నెలకు 11.5 పౌండ్లు, తిరిగి వచ్చాక పదేళ్లు బరోడాలో ఉద్యోగం చెయ్యాలి. స్కాలర్‌షిప్పూ గడువూ అనే రెండు మాటలు జంటగానే ఉంటాయని మన హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1913 జూలైలో ఆయన న్యూయార్క్‌లో దిగారు. వయసు 22. ఆ నెల మొదటి వారంలోనే అమెరికాలో ఒక పెద్ద ఉత్సవం జరిగింది. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో పేరుమోసిన గెటిస్‌బర్గ్ పోరాటానికి అప్పటికి 50 ఏళ్లు. రెండు వైపులా పోరాడిన ముసలి సైనికులు వేల సంఖ్యలో అక్కడ కలిసి చేతులు కలుపుకున్నారు. అధ్యక్షుడు విల్సన్ వచ్చి ప్రసంగించారు. తెల్లవాళ్లూ తెల్లవాళ్లూ రాజీ పడ్డారు. ఎవరి విడుదల గురించి ఆ యుద్ధం జరిగిందో ఆ నల్లజాతి ప్రజల సంగతి ఆ పండగలో పక్కకు పోయింది. అదే 1913లో అదే విల్సన్ ప్రభుత్వం వాషింగ్టన్ కార్యాలయాల్లో నల్ల ఉద్యోగులను వేరుగా కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. సతారా బడిలో వేరుగా కూర్చున్న కుర్రవాడు చదువుకోవడానికి వెళ్లిన దేశం అలాంటిది. మనలో చాలామంది అనుకుంటున్నట్టు కుల బాధ నుంచి స్వర్గానికి వెళ్లలేదాయన.

అయినా ఆయన వరకు న్యూయార్క్‌లో కొత్త గాలి వీచింది నిజం. ఆయన కూడా మనలాగే హాస్టల్ విద్యార్థి. మొదట చేరిన హార్ట్‌లీ హాల్‌లో వంట నచ్చక వారానికే బయటికి వచ్చారట. హాస్టల్ వంట గురించి ఇంతకంటే మేం ఏమీ రాయం, వార్డెన్ గారు కూడా ఈ సంచిక చదువుతారు. తరువాత కాస్మోపాలిటన్ క్లబ్బు, ఆ తరువాత లివింగ్‌స్టన్ హాల్. అక్కడ గదిలో తోడు నవల్ భథేనా అనే పార్సీ యువకుడు. ఒకే గది, ఒకే బల్ల, కలిసి తినడం, కలిసి తిరగడం, కులం అడిగేవాడు లేడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. కష్టకాలంలో అప్పిచ్చి ఆదుకున్న వారిలో భథేనా ఒకరు. వచ్చే డబ్బులో కొంత ఇంటికి పంపాలి. బొంబాయిలో రమాబాయి పసిబిడ్డతో ఇల్లు ఈదుతున్నారు. కాబట్టి ఆయన తిండి తగ్గించుకున్నారు, సినిమాలూ షికార్లూ మానుకున్నారు, పాత పుస్తకాల దుకాణాల దగ్గర మాత్రం చెయ్యి కట్టేసుకోలేకపోయారు. అక్కడ కొన్నవి దాదాపు రెండువేల పుస్తకాలని జీవితచరిత్రకారులు రాశారు. న్యూయార్క్ నుంచి తండ్రి స్నేహితుడొకరికి రాసిన ఉత్తరంలో మనవాళ్లు మగపిల్లల్తో పాటు ఆడపిల్లల్నీ చదివిస్తే బాగుపడే రోజు తొందరగా వస్తుందన్న భావం వెలిబుచ్చారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా లేవు.

ఇక చదువు సంగతి. రోజుకి పద్దెనిమిది గంటలు చదివేవారని మన సభల్లో వక్తలు చెబుతారు. ఆ గంటలకంటే విశ్వవిద్యాలయం రికార్డులో ఉన్న లెక్క మాకు ఎక్కువ నచ్చింది. మూడేళ్లలో ఆయన తీసుకున్న కోర్సులు ఇవి: అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3, ఇవి కాక ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ప్రాథమిక కోర్సులు ఒక్కొక్కటి. మొత్తం 60. పట్టా కోసమే అయితే ఇన్ని అక్కర్లేదు. ఒక దేశం సంపద ఎలా పోగవుతుంది, పన్ను ఎవరి మీద పడుతుంది, రైలు మార్గాలు ఎవరి లాభానికి పడతాయి, సమాజం ఎలా కట్టుబడుతుంది, చరిత్ర ఎవరు రాస్తారు అని ఒక్కో తలుపూ తట్టుకుంటూ వెళ్లినట్టుంది ఆ జాబితా. బి.ఏ. దాకా గైడు పుస్తకాలతో నెట్టుకొచ్చిన మాకు ఆ జాబితా చూశాక కొంచెం సిగ్గేసింది కూడా.

గురువుల్లో ముఖ్యుడు ఎడ్విన్ సెలిగ్‌మన్. పన్నుల శాస్త్రంలో అమెరికాలో ఆయనను మించినవారు లేరు. అంబేద్కర్ దిగిన 1913లోనే అమెరికా తన రాజ్యాంగానికి 16వ సవరణ చేసి ఆదాయపు పన్నుకి దారి వేసుకుంది. అక్టోబరులో ఆ చట్టం వచ్చింది. ఆ పన్ను గురించి అంతకు రెండేళ్ల ముందే పెద్ద గ్రంథం రాసిన మనిషి సెలిగ్‌మన్. అంటే తరగతిలో పాఠం, బయట అదే పాఠం మీద దేశమంతా వాదన. రాజ్యాంగం అంటే రాయి మీద చెక్కిన శాసనం కాదు, అవసరమైతే మనుషులు సవరించుకునేది అని ఆ విద్యార్థి కళ్లారా చూశాడు. అదే ఏడాది అక్కడే పనిచేస్తున్న చార్లెస్ బియర్డ్ అనే ప్రొఫెసరు, అమెరికా రాజ్యాంగం రాసిన పెద్దమనుషులకు ఏయే ఆస్తులుండేవి, ఆ రాతలో వాళ్ల లాభమేమిటి అని లెక్క తీసి ఒక పుస్తకం వేశారు. దానిమీద పెద్ద దుమారం లేచింది. జేమ్స్ హార్వే రాబిన్సన్ అనే చరిత్ర ప్రొఫెసరు, చరిత్ర అంటే రాజుల యుద్ధాల పట్టిక కాదు, మామూలు మనుషుల బతుకూ ఆలోచనా కూడా అని వాదించేవారు. అందరికంటే అంబేద్కర్ మనసులో లోతుగా నాటుకున్నవారు జాన్ డ్యూయీ. ప్రజాస్వామ్యం ఓట్లతో ముగిసేది కాదు, అది మనుషులు ఒకరితో ఒకరు కలిసి బతికే పద్ధతి అన్నది ఆయన బోధ సారం. ఊళ్లో రెండు బావులున్నవాడికి ఈ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా?

కానీ అదే కొలంబియాలో ఇంకో గది కూడా ఉంది. విలియం డన్నింగ్ అనే చరిత్రాచార్యుడు, ఆయన శిష్యులు కలిసి అంతర్యుద్ధం తరువాతి కాలం మీద ఒక పెద్ద బడినే నిర్మించారు. విడుదలైన నల్లవాళ్లకు ఓటు ఇవ్వడమే తప్పు, వాళ్లకు పాలన చేతకాలేదు అన్నది ఆ బడి చెప్పిన చరిత్ర. అమెరికా బడి పిల్లలు కొన్ని తరాలు దాన్నే చదివారు. దాన్ని గట్టిగా ఎదిరించి నల్లజాతి పండితుడు డుబోయిస్ 1935లో పెద్ద గ్రంథం రాశారు. చరిత్రను గెలిచినవాళ్లు రాస్తారన్నది మనవాళ్లు తరచు అనే మాటే. కొలంబియాలో అది ఒక డిపార్ట్‌మెంటుగా, డాక్టరేట్లతో సహా నడుస్తుండేది. సమానత్వం బోధించే డ్యూయీ, అసమానతను చరిత్రగా రాసే డన్నింగ్ ఒకే ప్రాంగణంలో ఉండేవారు. విదేశంలో చదువంటే మంచి మాటలే వినిపిస్తాయని ఎవరైనా అనుకుంటే ఇది గుర్తుంచుకోవాలి.

కొలంబియాకి ఆనుకునే హార్లెం ఉంది. దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఆ ఏళ్లలోనే అక్కడ స్థిరపడుతున్నాయి. వాళ్ల కథ క్లుప్తంగా ఇదీ. 1865లో 13వ సవరణతో బానిసత్వం పోయింది. 1868లో 14వ సవరణతో పౌరసత్వం, చట్టాల సమాన రక్షణ వచ్చాయి. 1870లో 15వ సవరణతో ఓటుకి జాతి అడ్డురాకూడదన్నారు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కొన్నాళ్లు నల్లవాళ్లు శాసనసభల్లో కూడా కూర్చున్నారు. 1877లో ఉత్తరాది సైన్యాలు వెనక్కి తగ్గాయి. తరువాత దక్షిణ రాష్ట్రాలు ఒక్కొక్కటే లాక్కున్నాయి. ఓటుకి పన్ను కట్టమన్నారు. చదవడం వస్తేనే ఓటు అన్నారు. చదువు రానివాళ్లలో తెల్లవాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్లకోసం తాతకి ఓటుంటే మనవడికీ ఉంటుందనే నిబంధన పెట్టారు. నల్లవాడి తాత బానిస, ఆయనకి ఓటెక్కడిది! ఈ తాతల నిబంధనను అమెరికా సుప్రీంకోర్టు 1915 జూన్‌లో కొట్టేసింది. అప్పుడు అంబేద్కర్ న్యూయార్క్‌లోనే ఉన్నారు. రైలుపెట్టెలు వేరుగా ఉన్నా సమానమైతే తప్పులేదని అదే కోర్టు 1896లో చెప్పిన తీర్పు మాత్రం అలాగే ఉంది.

ఆ మూడేళ్లలో ఆయన్ని బాగా కదిలించినవి రెండని జీవితచరిత్రకారుడు ధనంజయ్ కీర్ రాశారు. ఒకటి ఆ 14వ సవరణ, రెండోది బానిసగా పుట్టి టస్కెగీలో నల్లవాళ్లకు విద్యాలయం కట్టిన బుకర్ టి. వాషింగ్టన్ జీవితం. ఆ వాషింగ్టన్ 1915 నవంబరులో మరణించారు. అప్పట్లో న్యూయార్క్‌లోనే ఉన్న లాలా లజపతిరాయ్ అమెరికాపై రాసి 1916లో వేసిన పుస్తకంలో అక్కడి నల్లవాళ్ల స్థితినీ ఇక్కడి అంటరానివాళ్ల స్థితినీ పక్కపక్కన పెట్టి చూశారు. లజపతిరాయ్ అంబేద్కర్‌ను కూడా స్వాతంత్ర్య రాజకీయాల్లోకి రమ్మన్నారు. చదువు పూర్తి చేస్తానని మాటిచ్చి వచ్చినవాణ్ణి, అది కాకుండా మరొకటి పెట్టుకోలేనని ఆయన తప్పుకున్నారు.

1915లో ఎం.ఏ. వచ్చింది. 1916 మే 9న మానవశాస్త్రజ్ఞుడు గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక, నిర్మాణం మీద ఒక పత్రం చదివారు. కులానికి మూలం సొంత గుంపులోనే పెళ్లిళ్లు చేసుకోవడమనీ, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టడిని కాపాడుకోవడానికి పుట్టినవేననీ అందులో వాదించారు. కులం గురించి అప్పటిదాకా తెల్ల పండితులు ముక్కులూ తలలూ కొలిచి రాసేవారు. ఆ కులం కింద నలిగినవాడు వాళ్ల సెమినార్‌లోనే నిలబడి వాళ్ల శాస్త్ర పద్ధతిలోనే దాన్ని విప్పి చూపడం బహుశా అదే మొదలు. వయసు 25. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. దళిత విద్యార్థులను విదేశాలకు పంపే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి 2022లో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై పరిశోధన వంటి అంశాలకు ఆర్థిక సాయం ఉండదన్నారు. ఆ నిబంధన 1913లో బరోడాలో ఉండి ఉంటే ఈ పత్రం ఉండేది కాదు. మన సమాజం గురించి చదవడానికి అమెరికా ఎందుకు అని అడిగేవారికి దూరం నుంచి చూస్తేనే కొన్ని కనిపిస్తాయని మా సమాధానం.

ఆ ఏడాదే డాక్టరేట్ కోసం పరిశోధన ముగించి లండన్ వెళ్లారు. సెలిగ్‌మన్ అక్కడి ప్రొఫెసర్‌కి పరిచయ లేఖ ఇచ్చారు. ఒకవైపు గ్రేస్ ఇన్‌లో న్యాయవాద విద్య, ఇంకోవైపు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. అంతలో స్కాలర్‌షిప్ గడువు తీరింది, తిరిగి రమ్మన్నారు. 1917 ఆగస్టులో బొంబాయి చేరారు. మొదటి ప్రపంచయుద్ధ కాలం. ఆయన సామాను వేసిన ఓడను సముద్రంలో శత్రువులు ముంచేశారు. న్యూయార్క్‌లో కడుపు మాడ్చుకుని కొన్న పుస్తకాల్లో కూడా చాలా భాగం దారుల్లోనే పోయాయి. పోయిన సామానుకి వచ్చిన పరిహారం డబ్బుతోనే బరోడా ప్రయాణం.

బరోడాలో ఏం జరిగిందో ఆయనే తరువాత రాసుకున్నారు. రైలు దిగాక ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్న ఎదురైంది. అయిదేళ్లు బయట తిరిగేసరికి తాను అంటరానివాణ్ణన్న స్పృహే మనసులోంచి పోయిందట, అది బరోడా స్టేషన్‌లో ఒక్కసారిగా తిరిగి వచ్చింది. హిందూ హోటళ్లు రానివ్వవు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగారు, రోజుకి రూపాయిన్నర. ఆ చీకటి హాల్లో గబ్బిలాల మధ్య ఒంటరిగా పది రోజులు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే కర్రలతో పన్నెండుమంది పార్సీలు వచ్చి నిలదీశారు. సాయంత్రానికి ఖాళీ చెయ్యమన్నారు. ఊళ్లో తెలిసిన ఇద్దరు మిత్రులుండేవారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో కారణం చెప్పి తప్పించుకున్నారు. ఆయన కామాటీ బాగ్ పార్కులో కూర్చుని రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయారు. లివింగ్‌స్టన్ హాల్‌లో గది పంచుకున్నదీ ఒక పార్సీయే, ఇక్కడ కర్ర పట్టుకు వచ్చిందీ పార్సీలే. మనిషి తప్పా నేల తప్పా అని మేం చాలాసేపు వాదించుకున్నాం, తేలలేదు. 60 కోర్సులు చదివినవాడికి ఒక్క గది దొరకలేదన్నది మాత్రం తేలింది.

తరువాతి కథ వేగంగా నడుస్తుంది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు. 1919 జనవరిలో ఓటుహక్కు గురించి విచారించే సౌత్‌బరో కమిటీ ముందు, అంటరానివాళ్లకు తక్కువ అర్హతలతోనే ఓటు ఇవ్వాలని, సొంత ప్రతినిధులుండాలని వాదించారు. చదువుంటేనే, ఆస్తి ఉంటేనే ఓటు అంటే ఎవరు మిగులుతారో అమెరికా దక్షిణాది కథ తెలిసినవాడికి ఇంకొకరు చెప్పాలా? డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లి డి.ఎస్సీ., బారిస్టరు రెండూ పూర్తి చేసుకుని 1923లో వచ్చారు. 1924లో బహిష్కృత హితకారిణీ సభ పెట్టారు. ఆ సభ చేసిన తొలి పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1925 జనవరిలో షోలాపూర్‌లో మన పిల్లలకు ఒక హాస్టల్ తెరవడం.

కొలంబియాలో థీసిస్ అచ్చయిన ప్రతులు ఇస్తే గాని డాక్టరేట్ పట్టా ఇవ్వరు. అచ్చు వేయించే డబ్బు లేక అది ఏళ్లు ఆగింది. 1925లో బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద ఆ గ్రంథం లండన్‌లో అచ్చయింది. సెలిగ్‌మన్ ముందుమాట రాశారు, పుస్తకం శాయాజీరావ్‌కి అంకితం. కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య డబ్బు ఎలా పంచుకోవాలన్న ఆ పుస్తకంలోని సమస్యకే తరువాత మన రాజ్యాంగం 280వ అధికరణంలో ఆర్థిక సంఘాన్ని పెట్టింది. పట్టా 1927 జూన్‌లో వచ్చింది. దానికి మూడు నెలల ముందే, మార్చి 20న, ఆయన వేలమందిని వెంటబెట్టుకుని మహాడ్‌లో చవదార్ చెరువుకి వెళ్లి దోసిలితో నీళ్లు తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం అంతకుముందే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద ఉంది, నీళ్ల దగ్గర కర్రలున్నాయి. తాగి వచ్చినవాళ్లను కొట్టారు.

కాగితం మీది హక్కుకీ నీటి దగ్గరి హక్కుకీ ఉన్న ఈ దూరమే ఆయన అమెరికా చదువులో అసలు పాఠమని మాకు అనిపిస్తుంది. 1942లో కెనడాలో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశానికి పంపిన పత్రంలో, యుద్ధం అయ్యాక నల్లవాళ్లకు జరిగిన ద్రోహాన్ని అంటరానివాళ్లు మరిచిపోలేరన్న అర్థంలో రాశారు. స్వరాజ్యం వచ్చాక చూద్దాం, ముందు రానివ్వండి అనేవాళ్లకు అది జవాబు. రక్షణలు ముందే రాసుకోవాలి, నమ్మకం మీద వదిలెయ్యకూడదు. అదే కాలంలో వైస్రాయి మండలి సభ్యుడిగా మన పిల్లల పై చదువులకూ విదేశీ చదువులకూ ప్రభుత్వం సొమ్ము ఇవ్వాలని పట్టుబట్టారు. మెట్రిక్ తరువాతి స్కాలర్‌షిప్పులు 1944లో మొదలయ్యాయి. ఈ వ్యాసం రాస్తున్న మేం నలుగురం దానిమీదే చదివాం.

1946లో నల్లజాతి సంఘం ఒకటి ఐక్యరాజ్యసమితికి విజ్ఞాపన ఇచ్చిందని పత్రికల్లో చూసి ఆయన నేరుగా డుబోయిస్‌కే ఉత్తరం రాశారు. నల్లవాళ్ల సమస్యను తాను విద్యార్థిగా చదివాననీ, రెండు సమస్యలకూ చాలా పోలిక ఉందనీ చెప్పి ఆ విజ్ఞాపన ప్రతులు పంపమన్నారు. డుబోయిస్ వెంటనే జవాబిచ్చారు. ఆయనకి అంబేద్కర్ పేరు అప్పటికే తెలుసు. అంబేద్కర్ వేరే రచనల్లో బానిసత్వంకంటే అంటరానితనమే ఘోరమని వాదించారు. ఇక్కడ మాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. అమెరికాలో బానిసకి అక్షరం నేర్పడమే నేరంగా చేసిన రాష్ట్రాలున్నాయి, పిల్లల్ని తల్లి ఒడిలోంచి లాగి అమ్మేసేవారు. ఒకరి గాయాన్ని ఇంకొకరి గాయంతో తూచడం కంటే, రెండింటినీ పోల్చి మందు వెతికిన అంబేద్కరే మాకు ఎక్కువ ఇష్టం.

ఆ మందు రాజ్యాంగంలో కనబడుతుంది. 1947లో రాజ్యాంగ సభకు ఇచ్చిన ఒక పత్రంలో మన దేశాన్ని భారత సంయుక్త రాష్ట్రాలుగా ఊహించారు, మధ్యలో పడిపోని కార్యనిర్వాహక వర్గం కావాలన్నారు. అందులో అమెరికా నీడ తెలుస్తూనే ఉంది. కానీ 1948 నవంబరు 4న ముసాయిదా ప్రవేశపెడుతూ అమెరికా పద్ధతిలో మనకు సరిపడనివి ఏవో విడమర్చి చెప్పారు. అక్కడ దేశానికో పౌరసత్వం, రాష్ట్రానికో పౌరసత్వం, ఇక్కడ ఒక్కటే ఉండాలన్నారు. చట్టాల సమాన రక్షణ అనే మాట ఆ 14వ సవరణ నుంచే మన 14వ అధికరణంలోకి వచ్చింది, అంకె కలవడం కాకతాళీయం. అసలు తేడా తరువాతి అధికరణాల్లో ఉంది. 14వ సవరణ ప్రభుత్వాలను మాత్రమే కట్టడి చేస్తుంది, హోటలువాడూ రైలువాడూ నల్లవాణ్ణి వెళ్లగొడితే అది వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1883లో తేల్చేసింది. ఆ సందులోంచే వివక్ష అంతా తిరిగి లోపలికి వచ్చింది. మన రాజ్యాంగం ఆ సందు మూసింది. 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాశారు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి, పాటించినవాడు ఎవడైనా సరే నేరమే అంది. రాజ్యాంగం లాంటి పెద్ద గ్రంథంలో బావి, చెరువు అనే మాటలు ఎందుకున్నాయో మాకు ఇంటర్‌లో అర్థం కాలేదు. ఇప్పుడు ఆ పేజీ తెరిస్తే చవదార్ చెరువూ బరోడా సత్రమూ కనిపిస్తాయి. ఇన్ని రాసినా మన ఊళ్లలో కొన్ని టీ కొట్ల దగ్గర రెండు గ్లాసులు మేం కూడా చూశాం. అది వేరే వ్యాసం.

హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వలేదని 1951లో మంత్రి పదవి వదిలేశారు. 1952 మొదట్లో లోక్‌సభ ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయారు. ఒంట్లో మధుమేహం. ఆ ఏడాది వేసవిలో కొలంబియా తన పాత విద్యార్థిని పిలిచింది. జూన్ 5న ఎల్.ఎల్.డి. గౌరవ పట్టా ఇచ్చింది. ఓడిపోయి, పదవి లేక, 61 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ ఆ ప్రాంగణంలో అడుగుపెట్టారు. డ్యూయీని చూడాలన్నది పెద్ద కోరిక. కానీ నాలుగు రోజుల ముందే, జూన్ 1న డ్యూయీ చనిపోయారు. గురువును చూడలేకపోయానని, తన ఆలోచన అంతా ఆయన పెట్టిన భిక్షేనన్న అర్థం వచ్చేలా భార్య సవితకు ఉత్తరం రాశారు.

అక్కడి నుంచి వచ్చిన ఏడు నెలలకు, 1953 జనవరి 12న, హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకి డి.లిట్. ఇచ్చింది. తమ్ముడూ, ఫోటో కింద వరుసలో చివర ఉన్న అక్షరాలు అవే, మన ఊరివి. వాటికి ముందున్న ఎల్.ఎల్.డి., మొదట్లో ఉన్న ఎం.ఏ., పి.హెచ్.డి., ఈ మూడూ నువ్వు అడిగిన అమెరికా చదువు.